9వ తరగతి అమ్మాయి ఎఫ్ఆర్‌సీ టీమ్‌లో చేరుతోంది. ఏ సబ్‌టీమ్ మంచిది, మేం ఏం చేయాలి?

ఫ్రిస్కో_నాన్న
నమస్కారం అండీ. డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఈ ఆగస్టులో హైస్కూల్‌కి వెళ్తోంది. అక్కడ ఎఫ్ఆర్‌సీ టీమ్ ఉంది (ఫస్ట్ అనే సంస్థ హైస్కూల్ పిల్లలకి పెట్టే రోబో పోటీ, ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్), చేరతానంటోంది. తనకి పైథాన్ కొంచెం వచ్చు, కోడింగ్ సబ్‌టీమే కావాలంటోంది. ఈ వేసవిలో జావా నేర్పించాలా? జనవరి నుంచి రోజూ సాయంత్రాలు పోతాయంటున్నారు, కూచిపూడి క్లాసు కూడా ఉంది. ఎలా కుదురుతుంది?

ఇంకోటి. తల్లిదండ్రులకి మెంటర్ ఫారం పంపారు. నాది ఐటీలో బ్యాకెండ్ పని, చేత్తో మేకు కొట్టింది లేదు. మా ఆవిడకి శనివారాలే ఖాళీ. మా వల్ల టీమ్‌కి నిజంగా ఉపయోగపడే పని ఏదైనా ఉందా?

పిట్‌లో_అమ్మ
ముందు క్యాలెండర్ గోడకి తగిలించండి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా శిక్షణే, వారానికి రెండు మూడు రోజులు. జనవరి మొదట్లో ఒక శనివారం కిక్‌ఆఫ్. ఆ ఏటి ఆట ఏమిటో ఆ రోజే బయటపెడతారు. ఫిబ్రవరి చివరికో మార్చికో మొదటి పోటీ. అంటే ఏడెనిమిది వారాల్లో రోబో తయారవ్వాలి. పూర్వం ఆరు వారాలు అవగానే రోబోని సంచిలో పెట్టి సీలు వేసేవారు. 2020 నుంచి ఆ నియమం ఎత్తేశారు కాబట్టి పోటీకీ పోటీకీ మధ్య కూడా పని ఆగదు. టెక్సస్‌లో డిస్ట్రిక్ట్ పద్ధతి: ఒకసారి కట్టిన ఫీజుకి రెండు పోటీలు, వాటిలో వచ్చిన పాయింట్లను బట్టి రాష్ట్ర స్థాయి, ఆపైన ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఛాంపియన్‌షిప్. రంగప్రవేశం లాంటిది ఉంటే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మాత్రం పెట్టుకోకండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు మే నెలలో కాబట్టి వాటితో నేరుగా తగాదా లేదు, కానీ చదువుకోవాల్సిన వారాలు ఇవే.

సబ్‌టీమ్ సంగతి. కోడింగ్‌కి అందరూ ఎగబడతారు, మన పిల్లలు మరీనూ. ఉండేది ఒక్క రోబో. అది ఫిబ్రవరి దాకా మెకానికల్ వాళ్ల చేతుల్లోంచి బయటికి రాదు. ఒక ల్యాప్‌టాప్ చుట్టూ పది మంది నిలబడి చూస్తుంటారు. ఎలక్ట్రికల్‌లో మనుషులే ఉండరు. మొదటి ఏడాది అక్కడ చేరమనండి. వైరింగ్ తెలిసిన పిల్లని పోటీ రోజున పిట్ (మ్యాచ్‌ల మధ్య రోబోని బాగుచేసుకునే చోటు) బయట నిలబెట్టరు.

వోల్ట్‌మీటర్
పై మాటకి నా ఓటు కూడా. ఎలక్ట్రికల్‌లో మొదట అప్పగించాల్సింది బ్యాటరీలు. ఎవరికీ పట్టని పని అదే, మ్యాచ్‌లు పోయేదీ అక్కడే.

రోబో బ్యాటరీ 12 వోల్టుల, 18 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్. ఆరు కిలోల బరువు. పిల్లలు దాన్ని వైర్లు పట్టుకుని ఎత్తుతారు. అలా ఎత్తితే లోపల టెర్మినల్ అతుకు సడలుతుంది, బయటికి ఏమీ కనబడదు. రెండు చేతులతో అడుగు పట్టుకోవాలి. టెర్మినల్ బోల్టు బిగించాక వేలితో తోసి చూడాలి. లగ్ (వైరు చివర ఉండే లోహపు కొస) ఏమాత్రం కదిలినా విప్పి మళ్లీ బిగించాల్సిందే.

మీటర్‌లో 12.7 చూపిస్తోంది, బ్యాటరీ బాగుందనుకుంటారు. అది సగం నిజం. చూడాల్సింది లోపలి నిరోధం. మోటార్లన్నీ ఒక్కసారిగా కదిలినప్పుడు 200 ఆంపియర్లు లాగుతాయనుకోండి. నిరోధం 0.012 ఓమ్‌లు ఉంటే 2.4 వోల్టులు పడిపోయి పదికి పైనే మిగులుతుంది. 0.030 ఉంటే 6 వోల్టులు పోయి 6.7కి దిగుతుంది. 6.75 వోల్టుల దిగువకి వస్తే రోబోరియో 2 (రోబోని నడిపే చిన్న కంప్యూటర్; పాత రోబోరియోకి ఆ హద్దు 6.3) తనను తాను కాపాడుకోవడానికి మోటార్లు ఆపేస్తుంది. దీన్నే బ్రౌన్‌అవుట్ అంటారు. రోబో కుదుపులతో నడుస్తుంది, అందరూ వెళ్లి కోడింగ్ పిల్లల్ని తిడతారు. డ్రైవర్ స్టేషన్ (ల్యాప్‌టాప్ నుంచి రోబోని నడిపే సాఫ్ట్‌వేర్) లాగ్‌లో వోల్టేజ్ గీత చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది.

నిరోధం కొలిచే చేతి పరికరం ప్రతి టీమ్ దగ్గరా ఉండాలి. 0.020 దాటిన బ్యాటరీని ప్రాక్టీసుకి వదిలేయండి. ప్రతిదాని మీదా నంబరు, కొన్న ఏడాది రాయాలి. పుస్తకంలో ఏ మ్యాచ్‌కి ఏ బ్యాటరీ, ముందు ఎంత, తర్వాత ఎంత అని ఎక్కించాలి. చార్జర్ 6 ఆంపియర్లు మించకూడదు, కాబట్టి మ్యాచ్ ఆడిన బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది. పోటీకి ఆరు నుంచి ఎనిమిది తీసుకెళ్లాలి. వేడిగా ఉన్నదాన్ని చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టాలి. పక్కనే వంటసోడా డబ్బా, చేతి తొడుగులు ఉంచాలి, యాసిడ్ కారితే చల్లడానికి.

వైరింగ్‌లో రెండు విషయాలు చాలు మొదటి నెలకి. 40 ఆంపియర్ బ్రేకర్ మీదున్న మోటారుకి 12 గేజ్ వైరు కావాలి, 30కి 14, 20కి 18. ఇంతకన్నా సన్నవి వాడితే ఇన్‌స్పెక్షన్‌లో ఆపేస్తారు. రెండోది క్యాన్ వైర్లు, అంటే రోబోరియో, మోటార్ కంట్రోలర్లు మాట్లాడుకునే పసుపు ఆకుపచ్చ జంట. పవర్ ఆపి ఆ రెండింటి మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర టెర్మినేటర్ (రెండు కొసల్లోనూ ఉండాల్సిన 120 ఓమ్‌ల నిరోధకం) అందడం లేదు, లేదా దారిలో ఎక్కడో తెగింది. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. పెట్టిన ప్రతి వైరునీ ఒకసారి లాగి చూడాలి. ఊడేదేదో మ్యాచ్‌లో కాకుండా బల్ల మీదే ఊడనీయండి.

రివ్యూ_మాత్రమే
ఫ్రిస్కో గారూ, మెంటర్‌గా రండి, కానీ రోబో కోడ్ మీరు రాయొద్దు. మీలాంటి వాళ్లు శనివారం ఒక గంటలో మూడు వారాల పని తేల్చేస్తారు, ఆపైన అది ఒక్క పిల్లకీ అర్థం కాదు. పోటీలో ఫీల్డ్ పక్కన నిలబడి రోబోని నడిపేవాళ్లు పిల్లలే, అది చెడితే సరిచేయాల్సింది వాళ్లే.

బ్యాకెండ్ వాళ్లు పడే గోతులు వేరే ఉంటాయి. రోబో కోడ్ ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒకసారి తిరిగే లూప్. అందులో స్లీప్ పెట్టినా, ఏదో అయ్యేదాకా ఆగే వైల్ లూప్ రాసినా మిగతా రోబో అంతా బిగుసుకుపోతుంది. ప్రతి తిప్పుకీ ప్రింట్ చేసినా లూప్ సమయం దాటిపోతుంది. పిల్లలకి ఇది అర్థమయ్యేలా చెప్పడమే మీ మొదటి పాఠం.

మీకు బాగా తెలిసిన పనులు ఉన్నాయి: గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) క్రమశిక్షణ, ప్రతి మ్యాచ్‌కి ముందు కమిట్, రివ్యూ లేనిదే మెయిన్ బ్రాంచిలోకి పోనివ్వకపోవడం. జనవరిలో డబ్ల్యూపీఐలిబ్ (రోబో కోడ్ రాయడానికి వాడే లైబ్రరీ), రోబోరియో ఇమేజ్ (అందులో ఎక్కించే సిస్టమ్ సాఫ్ట్‌వేర్), మోటార్ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ మూడూ ఆ ఏటివేనా అని సరిచూడాలి. ఒక్కటి పాతది మిగిలినా ఒక సాయంత్రం గోవిందా. డ్రైవర్ స్టేషన్ విండోస్ ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. పోటీ ముందు రోజే అప్‌డేట్లు చేసి ఆపేయండి, ఫైర్‌వాల్ అడ్డుపడకుండా చూడండి, అన్నీ ఎక్కించిన రెండో ల్యాప్‌టాప్ ఒకటి సిద్ధంగా ఉంచండి.

జావా ఇప్పుడే రుద్దక్కర్లేదు. పైథాన్, సీ ప్లస్ ప్లస్ కూడా పనిచేస్తాయి, కానీ ఎక్కువ టీమ్‌లు జావాయే వాడతాయి. మీ టీమ్ ఏది వాడుతుందో అడిగి, వాళ్ల నిరుటి కోడ్ తీసి చదవమనండి.

పులిహోర_కమిటీ
పైవాళ్లతో ఒక్క విషయంలో ఒప్పుకోను. పిల్ల కోడింగ్ కావాలంటే ఎలక్ట్రికల్‌లోకి నెట్టకండి. డిసెంబరు దాకా రెండూ చూడనిచ్చి తననే తేల్చుకోనివ్వండి. ఇష్టం లేని సబ్‌టీమ్‌లో పడ్డ 9వ తరగతి పిల్లలు కిక్‌ఆఫ్ కాకముందే మానేస్తారు.

మీ ఆవిడ గారి శనివారాలకి పని బోలెడు. బంపర్లు చూడండి: ముప్పావు అంగుళం ప్లైవుడ్, దాని మీద ఫోమ్, పైన బిగుతుగా మందపాటి గుడ్డ. ఎరుపు, నీలం రెండూ కావాలి. ఈ గుడ్డ మూలల దగ్గర మడత సరిగ్గా పడక మొదటి గుద్దుకే చిరుగుతుంది. కుట్టు మిషన్ తెలిసిన మనిషి దొరికితే టీమ్ నెత్తిన పెట్టుకుంటుంది. అయితే కొలతలు ఆ ఏటి మాన్యువల్‌లోంచే తీసుకోవాలి. నిరుటివి నమ్మొద్దు, రోబో బరువు పరిమితే 2024లో 125 పౌండ్లు ఉంటే 2025లో 115 చేశారు.

తిండి: పోటీ రోజున వేడి చేసుకునే వీలుండదు, కాబట్టి పులిహోర, శాండ్‌విచ్‌లు. జీడిపప్పు, వేరుశనగ ఉంటే ట్రే మీద పెద్దగా రాయండి. గ్రేవీ ఉన్నదేదీ ల్యాప్‌టాప్‌ల దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

డబ్బు: నమోదు ఫీజే ఆరు వేల డాలర్ల పైమాట, విడిభాగాలు, హోటళ్లు వేరే. మన ఐటీ వాళ్లం మర్చిపోయేది కంపెనీ మ్యాచింగ్, అంటే మనం ఇచ్చినదానికి తోడుగా కంపెనీ కూడా ఇవ్వడం. విరాళానికే కాదు, మెంటరింగ్ గంటలకి కూడా డబ్బిచ్చే కంపెనీలున్నాయి. మొదటి రోజు నుంచి గంటలు రాసుకోండి. చెక్కు స్కూల్ పేరనా, బూస్టర్ క్లబ్ (టీమ్ కోసం డబ్బు పోగుచేసే తల్లిదండ్రుల సంఘం) పేరనా అన్నది ముందే ట్రెజరర్‌ని అడిగి, పన్ను నంబరు తీసుకోండి. పేరు తేడా వస్తే మ్యాచింగ్ తిరిగొచ్చేస్తుంది. రెస్టారెంట్ల వాళ్లని స్పాన్సర్‌షిప్ అడగడానికి పిల్లల్నే పంపండి, మీరు కార్లో కూర్చోండి.

ఫ్రిస్కో_నాన్న
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్ అండీ. ఎలక్ట్రికల్, కోడింగ్ రెండూ చూస్తానంది. చివరగా ఒక్కటి: తనకి కళ్లద్దాలున్నాయి, విడిగా సేఫ్టీ గ్లాసులు కొనాలా?

వోల్ట్‌మీటర్
కొనాలి. మామూలు కళ్లద్దాలు చెల్లవు. జెడ్87.1 (సేఫ్టీ గ్లాసుల ప్రమాణం) అని ముద్ర ఉన్నవి, అద్దాల మీద నుంచి పెట్టుకునే రకం తీసుకోండి. రెండు జతలు కొనండి, ఒకటి ఎలాగూ పోతుంది. కాలివేళ్లు కప్పే బూట్లు, జుట్టు ముడి. మిషన్ల దగ్గర గాజులు, వేలాడే గొలుసులు వద్దు. ఇంకో మాట, మెంటర్ ఫారంతో పాటు నేపథ్య తనిఖీ ఉంటుంది. కొన్నిచోట్ల వారాలు పడుతుంది, కాబట్టి ఆగస్టులోనే పంపేయండి.