అప్‌డేట్: వీహెచ్‌ఎస్ టేపులోని పిల్లల కార్టూన్ పాటల్లో బుర్రుమనే మోత పోయింది

టీవీలో వచ్చిన ఎక్కాల పాటలు, వ్యాకరణం పాటలు రికార్డు చేసిన పాత వీడియో టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే గొంతుల వెనక బుర్రుమని మోత వస్తోందని అడిగాను కదా, అది పోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒక్కటే: వీసీఆర్ (టేపు ఆడించే మెషీన్) ఆడియోను హైఫై నుంచి నార్మల్‌కు మార్చడం. హైఫై శబ్దాన్ని తిరిగే డ్రమ్ మీది హెడ్‌లు చదువుతాయి, ట్రాకింగ్ (ఆ హెడ్‌లు టేపు మీది ట్రాక్‌ల మీద సరిగ్గా నడవడం) కాస్త తప్పినా మోత మొదలవుతుంది. నార్మల్‌లో టేపు అంచున ఉండే ట్రాక్‌ను కదలని హెడ్ చదువుతుంది. సన్నగా స్‌స్‌ మంటుంది, పాటలో మోగే తాళాల శబ్దంలో మెరుపు తగ్గుతుంది. అయినా పిల్లలు కోరస్‌గా ఎక్కం చెప్పేచోట ప్రతి అంకె ఎంత తేటగా వినిపిస్తోందో!

వీసీఆర్ ట్రాకింగ్ సర్దితే మోత కొంతే తగ్గింది, పైగా బొమ్మ మీద గీతలొచ్చాయి. హెడ్ క్లీనింగ్, కేబుల్, క్యాప్చర్ కార్డు (వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) మార్చడం వల్ల తేడా ఏమీ లేదు.