ఉల్లిపొట్టు, బంగాళాదుంప తొక్కల సారంతో జంతికలు ఎక్కువ రోజులు నిల్వ ఉంటాయా?

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. మాది బరంపురంలో కొందరు ఆడవాళ్ళం కలిసి నడుపుకుంటున్న మహిళా సంఘం. జంతికలు, చేగోడీలు, ఆలూ చిప్స్ చేసి ఊళ్ళోని దుకాణాలకూ, ఛత్రపురం, ఆస్కా వైపూ పంపుతాము. వానాకాలం వచ్చేసరికి సరుకు కనరు వాసన వేస్తోందని దుకాణదారులు తిప్పి పంపుతున్నారు. మా వంటశాలలో రోజూ గంపలకొద్దీ ఉల్లిపొట్టు, బంగాళాదుంప తొక్కలు మిగులుతాయి. వాటినుంచి సహజమైన ప్రిజర్వేటివ్ తీయవచ్చని విన్నాము. ఇంట్లో ఉన్న సామానుతో ఆ సారం తీసే పద్ధతి, పిండిలో ఎంత కలపాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. దానినే మామిడికాయ ఊరగాయలో కలిపి ఉప్పు తగ్గించుకోవచ్చా అన్నది మరో సందేహం.

సమాధానం (పర్లాకిమిడి నుంచి, ఆహార రసాయన శాస్త్రం బోధించి విరమించిన ఉపాధ్యాయుడు)

అమ్మా, ముందుగా మీ చివరి సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. ఊరగాయలో ఉప్పు తగ్గించకండి. ఊరగాయను కాపాడేవి ఉప్పు, మామిడిలోని పులుపు, పైన తేలే నూనె. ఇవి బూజునూ, సూక్ష్మజీవులనూ పెరగనివ్వవు. ఉల్లిపొట్టు సారానికి ఆ పని చేసేంత బలం లేదు. కాచిన ఉల్లిపొట్టు నీళ్ళను బయట వదిలేస్తే కొద్ది రోజుల్లో వాటిమీదే బూజు కడుతుంది. తనను తాను కాపాడుకోలేనిది ఊరగాయను కాపాడుతుందని నమ్మడం తగదు.

జంతికల సంగతి వేరు. అక్కడ తేమ తక్కువ కాబట్టి బూజు సమస్య దాదాపుగా ఉండదు, పీల్చుకున్న నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోవడం వల్లనే కనరు వాసన వస్తుంది. దీనిని ఆలస్యం చేసే పదార్థాలను యాంటీఆక్సిడెంట్లు అంటారు, ఉల్లిపొట్టులో ఉన్నది ఆ జాతి పదార్థమే. ఎండిన పై పొరలలో క్వెర్సెటిన్ అనే పదార్థం లోపలి గడ్డలోకంటే చాలా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మీరు పారేస్తున్నదానిలో నిజంగా విలువ ఉంది.

పద్ధతి ఇది. పొట్టును ఏరేటప్పుడు పొరల మధ్య నల్లటి పొడి కనిపించినదాన్ని నిర్దాక్షిణ్యంగా తీసి పారేయండి. అది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు, దాని రకాలలో కొన్ని విషపదార్థాలను తయారు చేయగలవు, మరిగించినా అవి పూర్తిగా పోవు. వానాకాలంలో నాసిక్ నుంచి వచ్చే నిల్వ ఉల్లిలో ఈ నలుపు ఎక్కువగా కనిపిస్తుంది. మంచి పొట్టును రెండు మూడు నీళ్ళలో కడిగి, నీడలో గాని 50–60 డిగ్రీల వేడిలో గాని, చేతిలో నలిపితే పొడిపొడిగా విరిగేంతవరకూ ఆరబెట్టండి. తేమ ఉన్న పొట్టును సంచిలో కడితే మళ్ళీ బూజు పడుతుంది.

నలిపిన పొట్టు 100 గ్రాములకు ఒక లీటరు నీరు పోసి, మరగనివ్వకుండా సన్నని సెగమీద అరగంట ఉంచి, పలుచని గుడ్డతో వడకట్టండి. గుడ్డను గట్టిగా పిండగా వచ్చిన నీరు ముదురు ఇటుక రంగులో ఉంటుంది. దానిని నాలుగో వంతు మిగిలేదాకా సన్నని సెగమీదనే ఇంకించండి. ఈ పనంతా స్టీలు గిన్నెలోనే జరగాలి. ఇనుప మూకుడులో కాస్తే నీరు నల్లబడుతుంది, అల్యూమినియం గిన్నెలో కాస్తే ముదురు పసుపు తిరుగుతుంది. సహజ రంగులు అద్దేవారు పటిక వేసి ఉల్లిపొట్టుతో పసుపు తీసేది ఈ గుణంవల్లనే. రంగు బాగా దిగుతుందని వంటసోడా వేయకండి, సోడా వేసిన నీటిలో క్వెర్సెటిన్ త్వరగా పాడవుతుంది. చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే మేలు. తయారైన సారాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజులలో వాడేయాలి.

అనుబంధ ప్రశ్న (రాయగడ నుంచి)

గురువుగారూ, నీటికంటే స్పిరిట్‌లో నానబెడితే సారం ఎక్కువ దిగుతుందని చదివాను. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే స్పిరిట్ వాడవచ్చునా?

సమాధానం (పర్లాకిమిడి)

వాడకూడదు, నాయనా. క్వెర్సెటిన్ నీటిలో తక్కువగా, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుందన్న మాట నిజమే. ప్రయోగశాలల్లో 60–70 శాతం ఇథనాల్‌లో పొట్టును నానబెట్టి, తరువాత ఆ ఇథనాల్‌ను ఆవిరి చేసి తీసేస్తారు. కాని దుకాణంలో అమ్మే స్పిరిట్‌లో తాగకుండా ఉండేందుకు మిథనాల్ వంటి విషాలు కలుపుతారు. చేతులు శుభ్రం చేసుకునే సానిటైజర్ కూడా తినే వస్తువుకు పనికిరాదు. ఆహారానికి తగిన ఇథనాల్ కొనాలంటే ఎక్సైజు శాఖ అనుమతి కావాలి. పైగా 70 శాతం ఇథనాల్ ఆవిరి మామూలు గది వేడిలోనే నిప్పు అందుకుంటుంది. గ్యాస్ పొయ్యి వెలుగుతున్న వంటశాలలో దానికి చోటు లేదు. సంఘంలోని ఆడవాళ్ళ ఒంటికి ముప్పు తెచ్చే పద్ధతిని నేను ఎంతమాత్రం సూచించను. సారం కొంత తక్కువ దిగినా నీటి పద్ధతే మీకు తగినది.

అనుబంధ ప్రశ్న (బరంపురం)

ధన్యవాదాలు మాస్టారూ. బంగాళాదుంప తొక్క గురించి చెప్పలేదు. దాన్ని కూడా ఇలాగే కాయవచ్చా? సారాన్ని నేరుగా వేయించే నూనెలో పోయాలా?

సమాధానం (పర్లాకిమిడి)

బంగాళాదుంప తొక్కను వదిలేయండి. అందులో క్లోరోజెనిక్ ఆమ్లం వంటి మంచి యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట వాస్తవం. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో సోయాబీన్ నూనెలో 1600 నుంచి 2400 పీపీఎం (పది లక్షల భాగాలలో అన్ని భాగాలు) తొక్క సారం, 200 పీపీఎం బీహెచ్‌ఏ, బీహెచ్‌టీ అనే కృత్రిమ యాంటీఆక్సిడెంట్లకు సాటిగా పనిచేసింది. అయితే సోలనిన్, చాకొనిన్ అనే విషపదార్థాలు దుంపలో ఎక్కువగా తొక్క దగ్గరే చేరుతాయి, ఉడికిస్తే పోవు, సారం తీస్తే అవీ వెంట రావచ్చు. దుంప కిలోకు ఇవి 200 మిల్లీగ్రాములు మించకూడదని సాధారణంగా పాటించే హద్దు. మనకు బెంగాల్ నుంచి వచ్చే దుంపలు దుకాణంలో వెలుతురు తగిలి పచ్చబడ్డాయంటే ఆ తొక్కలో ఇవి బాగా పెరిగి ఉండవచ్చు. ఎంత ఉన్నదీ కొలిచే సాధనం మీ దగ్గర లేదు కనుక తొక్కను ఎరువు గుంతలో వేయండి. పచ్చబడినవాటిని పశువులకు కూడా పెట్టవద్దు.

ఇక రెండో మాట. నీటితో తీసిన సారం నూనెలో కలవదు, కాగే నూనెలో పోస్తే చిటపట చిందుతుంది, చేతులు కాలుతాయి. చిప్స్‌కు దీనితో ఉపయోగం లేదు. జంతికల పిండి, చేగోడీల పిండి తడిపే నీటిలో మొదట నాలుగో వంతు మాత్రం ఈ సారం పోసి చూడండి. అంతకు మించితే చిరుచేదు, గోధుమరంగు రావచ్చు. వేయించే వేడికి క్వెర్సెటిన్‌లో కొంత నశిస్తుంది కాబట్టి ఫలితం పోల్చి చూసుకున్నాకే నమ్మాలి. ఒకే రోజు, ఒకే నూనెలో, సారం ఉన్న వాయి ఒకటి, లేని వాయి ఒకటి తీసి, ఒకే రకం డబ్బాలలో పెట్టి, అడుగున గుర్తు వేయండి. ఏది ఏదో తెలియనివారిచేత వారానికొకసారి వాసన చూపించండి. వీలైతే రెండు నమూనాలకూ ప్రయోగశాలలో పెరాక్సైడ్ విలువ, అంటే నూనె ఆక్సిజన్‌తో ఎంత కలిసిందో చెప్పే కొలత, చూపించండి. తొలి దశలో తక్కువ ఉన్నది తక్కువ చెడినట్టు, బాగా చెడిన నూనెలో ఈ విలువ మళ్ళీ తగ్గవచ్చు కాబట్టి వాసననూ కలిపి చూడాలి.

మీ సరుకు వానాకాలంలో త్వరగా కనరెక్కడానికి అసలు కారణం నూనెలో ఉంటుందని నా అనుమానం. ఒకే నూనెను రోజుల తరబడి కాచి, తరుగుతున్నకొద్దీ కొత్త నూనె పోసి వాడుతున్నారేమో చూసుకోండి. ఇనుము కూడా నూనె చెడడాన్ని వేగిరపరుస్తుంది కాబట్టి రాత్రిపూట నూనెను ఇనుప మూకుడులోనే ఉంచకుండా వడకట్టి స్టీలు డబ్బాలోకి మార్చండి. వేడి పూర్తిగా చల్లారాక, తేమ తగలకముందే మూట కట్టండి. వెలుతురు చొరబడే పలుచని కవరు మానేస్తే ఉల్లిపొట్టు కంటే ఎక్కువ మేలు కనిపించవచ్చు.

అదనపు సమాధానం (కోరాపుట్ నుంచి, చిన్న ఆహార పరిశ్రమ నడుపుతున్న సభ్యురాలు)

అక్కా, మాస్టారు చెప్పినదానికి చట్టం సంగతి చేర్చుతున్నాను. అనుమతించిన ఆహార సంకలితాల జాబితాలో ఉల్లిపొట్టు సారం లేదు. అలాంటి కొత్త పదార్థాలను అమ్మే సరుకులో కలపాలంటే 2017 నాటి నిబంధనల ప్రకారం దేశ ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముందస్తు ఆమోదం అవసరమవుతుంది. అందుచేత మీ ప్రయోగాన్ని ఇంటివాడకానికీ పరీక్షకూ పరిమితం చేసి, ముందు మీ జిల్లా ఆహార భద్రతాధికారికి రాతపూర్వకంగా రాసి జవాబు తీసుకోండి. అమ్మకానికి ఇప్పుడే ఏదైనా కావాలంటే టోకోఫెరాల్, అంటే విటమిన్ ఇ, ఉంది. అది అనుమతించిన యాంటీఆక్సిడెంటే, నూనెలో కరుగుతుంది. ఏ సరుకులో ఎంతవరకు వేయవచ్చో అదే అధికారిని అడిగి తెలుసుకోండి. మరొక విషయం, వేయించిన నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు (పదేపదే కాచినప్పుడు నూనె చెడి పుట్టేవి) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. దాన్ని అక్కడికక్కడే కొలిచే చేతి మీటర్లు దొరుకుతాయి. ఒక్క సంఘానికి ఖరీదు ఎక్కువనిపిస్తే మీ వార్డులోని నాలుగైదు సంఘాలు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.