ఛాతీలో గడ్డ: టామాక్సిఫెన్ వేసుకోవచ్చా?

ప్రశ్న:
అన్నా, నాలుగు నెలలుగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను, ఇప్పుడు ఎడమ చనుమొన కింద చిన్న గడ్డలా తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి. టామాక్సిఫెన్ వేసుకుంటే పోతుందని జిమ్‌లో ఒకాయన అంటున్నాడు. వచ్చే ఏడాది పోటీలకు వెళ్లాలని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
తమ్ముడూ, బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని అరోమాటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది, ఆ గడ్డ అందుకే వచ్చి ఉండొచ్చు. టామాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్ మందు. రొమ్ములో ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకుంటుంది నిజమే, కానీ దానితో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. సొంతంగా వేసుకోకు. ఎండోక్రినాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించు, ఇంజెక్షన్ల సంగతి దాచకు.

జవాబు 2:
నేను అనస్ట్రోజోల్ వాడాను, అది ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే మందు. ఈస్ట్రోజెన్ మరీ పడిపోయి కీళ్లన్నీ పట్టేశాయి, మెట్లెక్కడమే కష్టమైంది. మగవాళ్ల ఎముకలకూ ఈస్ట్రోజెన్ కావాలని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు.

జవాబు 3:
పోటీలంటున్నావు కాబట్టి చెబుతున్నా, ఇవన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉన్నాయి, పోటీ లేని రోజుల్లో కూడా. 2016లో యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు) ఫైటర్ జోన్ జోన్స్ పరీక్షలో ఇలాంటి మందులే అయిన క్లోమిఫెన్, లెట్రోజోల్ ఆనవాళ్లు బయటపడ్డాయి. కల్తీ మాత్ర వల్లేనని చెప్పినా ఏడాది నిషేధం తప్పలేదు.

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అన్నా. మాత్ర కొనలేదు, రేపే డాక్టరు దగ్గరికి వెళ్తాను.