జనవరి సెలవుల్లో కజాన్ నుంచి మాస్కో, పీటర్స్‌బర్గ్: టికెట్లు, రిజిస్ట్రేషన్, న్యూ ఇయర్ పిలుపు

ప్రశ్న (మెడిసిన్ ఫస్టియర్, కజాన్)
అన్నలకి, అక్కలకి నమస్తే. సెలవుల్లో ముగ్గురం మాస్కో, పీటర్స్‌బర్గ్ వెళ్దామనుకుంటున్నాం. మాస్కోలో రష్యన్ ఫ్రెండ్ వాళ్లింట్లో 31 రాత్రికి పిలిచారు. ఏమేం చూసుకోవాలి?

జవాబు (ఫిఫ్తియర్)
తమ్ముడూ, ముందు పాస్‌పోర్టు సంగతి. మొదట ఇచ్చే స్టూడెంట్ వీసా మామూలుగా మూడు నెలలదే. పొడిగింపు కోసం వర్సిటీవాళ్లు పాస్‌పోర్టు తీసుకుని ఉంటే, అది చేతికొచ్చే తేదీ తేలేదాకా టికెట్ కొనకు. రైలెక్కేటప్పుడు ఒరిజినలే చూపించాలి. జనవరి 1 నుంచి 8 దాకా ఆఫీసులు మూత, డిసెంబరు చివర్లో ఆగిన కాగితం 9 తర్వాతే కదులుతుంది.

టికెట్ ఫారంలో పేరు, నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టు. ‘ఓట్చెస్త్వా’ (తండ్రి పేరు నుంచి వచ్చే రష్యన్ మధ్య పేరు) గడిలో నాన్న పేరు రాయకు, లేదని టిక్ పెట్టు. ప్లత్స్‌కార్త్ బోగీ మన స్లీపర్ లాంటిదే, 54 బెర్తులు. బేసి నంబర్లు కింద, సరి నంబర్లు పైన. 37 నుంచి 54 సైడువి. 33 నుంచి 38 దాకా టాయిలెట్ పక్కనే కాబట్టి రాత్రంతా తలుపు చప్పుడు. చివరికి మిగిలేవి అవే, ఆలస్యం చేస్తే అవే దొరుకుతాయి. దుప్పటి, దిండుగలీబుల సెట్ టికెట్లో కలిసిందో లేదో కొనేటప్పుడే చూడు. బోగీ చివర ‘టైటాన్’ అనే బాయిలర్‌లో మరుగుతున్న నీళ్లు ఉచితం, ఇన్‌స్టంట్ ఉప్మాకి చక్కగా సరిపోతాయి. బయల్దేరడానికి 5 నిమిషాల ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు. మాస్కోలో కజాన్‌స్కీ స్టేషన్లో దిగితే పీటర్స్‌బర్గ్ రైళ్లుండే లెనిన్‌గ్రాద్‌స్కీ ఆ చౌరస్తాకి అవతలి పక్కనే, టాక్సీ అక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ (ఏ అడ్రసులో ఉంటున్నామో ప్రభుత్వం దగ్గర నమోదు) దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హోటల్లో దిగితే వాళ్లే నమోదు చేస్తారు. అద్దె ఫ్లాట్ అయితే ఓనరు చెయ్యాలి, చాలామంది ఒప్పుకోరు. మొదటిసారి హోటలే మేలు. కొత్తచోట నమోదవగానే కజాన్‌ది పోతుంది. కాబట్టి తిరిగొచ్చాక హోటల్ ఇచ్చిన నమోదు చీటీ, మైగ్రేషన్ కార్డు (దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితం) పట్టుకుని ఇంటర్నేషనల్ ఆఫీసుకెళ్లి మళ్లీ హాస్టల్ అడ్రసు మీద చేయించుకో. చట్టంలో గడువు ఏడు పనిదినాలు, కానీ వర్సిటీలు ఇంకా ముందే తెమ్మంటాయి. వెళ్లేముందే అడుగు.

మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి ఇక్కడ పనిచెయ్యవు. రష్యా బ్యాంకులిచ్చే మీర్ కార్డుతో పాటు కొంత రూబుళ్ల క్యాష్ ఉంచుకో.

జవాబు (మాస్కోలో ఉద్యోగం)
పిలుపు గురించి నేను చెప్తాను. ఇక్కడ అసలు పండగ డిసెంబరు 31 రాత్రే. క్రిస్మస్ జనవరి 7న, పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం. అర్ధరాత్రి దాటకముందు ‘స్ నస్తుపాయుషిమ్’ (రాబోయే ఏడాదికి శుభాకాంక్షలు) అనాలి, దాటాకే ‘స్ నోవిమ్ గోదమ్’ (కొత్త సంవత్సర శుభాకాంక్షలు). పువ్వులు తీసుకెళ్తే బేసి సంఖ్యలోనే, 5 గానీ 7 గానీ. సరి సంఖ్య చావుకి. గడప మీద నిలబడి చెయ్యి కలపకండి, లోపలికి అడుగుపెట్టాకే. బూట్లు విప్పితే తాపచ్కి (ఇంట్లో వేసుకునే చెప్పులు) ఇస్తారు. ఒక పెట్టెడు కమలాపళ్లు తీసుకెళ్తే ఎవరైనా సంతోషిస్తారు.

మాంసం తిననివాళ్లుంటే ఒలివ్యే సలాడ్ జాగ్రత్త, బంగాళాదుంపల మధ్య ‘కల్బసా’ (మాంసం సాసేజ్) ముక్కలుంటాయి. ముందురోజే ‘బెజ్ మ్యాసా’ (మాంసం లేకుండా) అని చెప్పండి. హోటళ్లలో ‘పోస్త్‌నయె’ మెనూ అడగండి: నవంబరు 28 నుంచి జనవరి 6 దాకా క్రిస్మస్‌కి ముందు ఉపవాస కాలం, ఆ వంటల్లో మాంసం, పాలు, గుడ్డు ఉండవు. చేప ఉందేమో మాత్రం అడగాలి.

జవాబు (పీటర్స్‌బర్గ్)
జనవరి మొదట్లో ఇక్కడ పదింటికి గానీ తెల్లారదు, నాలుగింటికే చీకటి. బయట చూసేవన్నీ మధ్యాహ్నంలోపు పెట్టుకుని, మ్యూజియాలు సాయంత్రానికి ఉంచుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది. టికెట్, హోటల్ అడ్రసు కాగితం మీద కూడా ఉండాలి.