పొట్ట విప్పి చూడాలా, విచ్చి చూడాలా?

కోవ్‌గట్టు: నిన్న ఫ్రీమాంట్‌లో మా ఆఫీసతనితో మన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు పాత బ్యాటర్ బ్యారీ బాండ్స్ మీద గొడవైంది, 2000లో 49 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు ముప్పై ఏడేళ్లొచ్చిన ఏడాది 73 కొట్టాడంటే స్టెరాయిడ్లు లేకుండా ఊరికే వచ్చాయా అని, నేను మేడిపండు పద్యం ఎత్తుకుని రెండో పాదంలో ఆగిపోయా. "పొట్ట విప్పి చూడ"నా, "పొట్ట విచ్చి చూడ"నా? నాన్న విచ్చి అనేవారు.

గణయతి: విప్పి, విచ్చి రెండూ గలమే (గురువు, లఘువు), యతి పొ-పు, ఛందస్సునడిగి లాభం లేదు. అసలు తప్పు మొదటి పాదంలో చేస్తారందరూ. "మేలిమై యుండు" కాదండీ, "యుండును". ఆ "ను" మింగేస్తే చివర ఇంద్రగణం పోయి ఆటవెలది కుంటుతుంది.

కడపోడు: విచ్చేదంటే పువ్వు మాదిరి దానంతటదే సార్. విప్పాలంటే ఎవడో ఒకడు పూనుకోవాల. 2003లో ఆటగాళ్లకి స్టెరాయిడ్లిచ్చిన బాల్కో ల్యాబ్ మీద పడి విప్పింది ఫెడరల్ వాళ్లే కదా, కాబట్టి విప్పి.

గణయతి: చీల్చడం అనే అర్థంలో విచ్చు సకర్మకమే నాయనా. నిఘంటువు తియ్యి.

పెరటిచెట్టు: మా పెరట్లో మేడిచెట్టుండేది, పండుని రెండు వేళ్లతో చిదిమితే లోపలివి పాకేవి కాదు, ఎగిరేవి, కందిరీగ జాతివి. అవి దూరకపోతే మేడికి గింజే కట్టదు.

కడపోడు: అంటే స్టెరాయిడ్లు లేకపోతే బేస్‌బాల్ పండదంటావా అక్కా 😀 94లో ఆటగాళ్ల సమ్మెకి అలిగిన జనాన్ని 98లో ఇంకో బ్యాటర్ మెక్‌గ్వైర్ 70 కొట్టే గదా స్టేడియానికి రప్పించింది, వాడినానని 2010లో ఆయనే ఒప్పుకున్నాడు.

మూడోపాదం: అందరూ రెండో పాదం దగ్గరే కూలబడ్డారు. "పిరికివాని మదిని బింకమీలాగురా". వేమన తిట్టింది దొంగని కాదు, పిరికివాణ్ణి. 2004లో బాండ్స్‌కి 232 వాక్‌లిచ్చారు, అంటే నాలుగు తప్పు బంతులకి ఊరికే మొదటి బేస్‌కి పంపడం, అందులో 120 కావాలని ఇచ్చినవే. పిరికివాళ్లెవరండీ ఇక్కడ, బంతి వేసే పిచర్లు కాదూ?

పెరటిచెట్టు: అసలు పద్యమే మార్చండి. ఉప్పు కప్పురంబు! రాసుకున్నది కీళ్లనొప్పుల మందనుకున్నా, మింగింది అవిసె నూనె అనుకున్నా అని కదా బాండ్స్ చెప్పింది. ఒక్క పోలికనుండు అంటే అదే. వేమన ఎక్కడైనా పనికొస్తాడు బాబూ.

గణయతి: రుచుల జాడ ఓటర్లకి తెలిసినట్టుంది. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ మహామహుల జాబితా) విలేకరుల ఓటింగులో బాండ్స్‌కి ఆఖరి ఛాన్సు, 75 శాతం కావాల్సినచోట 66 దగ్గర ఆగాడు. పాత రికార్డు దాటించిన 756వ హోమ్ రన్ బంతి మాత్రం అక్కడి మ్యూజియంకి చేరింది, కొన్నవాడు దాని మీద అనుమానం ఉందన్నట్టు చుక్కగుర్తు (*) చెక్కించి మరీ ఇచ్చాడు.

కడపోడు: బంతి పొట్ట విప్పలేదు, పైన గీకినారు అంతే 😂

కోవ్‌గట్టు: బాండ్స్ వెళ్లాకే కదా 2010, 12, 14లో మన జెయింట్స్ కప్పులు కొట్టింది. 2025లో చూస్తే 81 గెలుపులు, 81 ఓటములు, సరిగ్గా సగం, పిచింగ్ బాగుపడితే తప్ప నాకైతే ఆశ లేదు. సరే ఇంతకీ "మేడిపండు చూడ మేలిమై యుండు, పొట్ట..." విప్పా, విచ్చా?

గణయతి: యుండును.