అడవినాభి దుంప మొలకెత్తడం లేదు

మియాపూర్: మేలో కుండీలో పెట్టిన అడవినాభి (గ్లోరియోసా పూలతీగ) దుంపలు జూలై వచ్చినా మొలవలేదు. తవ్వి చూస్తే ఒకటి మెత్తబడింది, ఇంకోటి గట్టిగానే ఉంది. ఏం చేయమంటారు?

సైనిక్‌పురి: గట్టిదాని కొనలు చూడండి. మొలక వచ్చేది అక్కడే. కొన విరిగితే దుంప ఎంత లావున్నా లాభం లేదు. బాగుంటే అడ్డంగా పడుకోబెట్టి రెండంగుళాల మట్టి కప్పండి. ఎర్రమట్టి, ఇసుక, ఆకుల ఎరువు సమంగా కలపాలి. మెత్తబడింది నీళ్లు నిలిచే అయుంటుంది. ఉత్త నల్లరేగడైతే చెప్పక్కర్లేదు.

అల్వాల్: తీగ ఆకుల కొసలతో అల్లుకుంటుందండి. లావు పైపు పట్టదు, సన్నపుల్లలు పాతండి.

మియాపూర్: చలికాలంలో ఎండిపోతే?

సైనిక్‌పురి: పీకెయ్యకండి, దుంప బతికే ఉంటుంది. తొలకరి దాకా నీళ్లు ఆపండి. అన్నట్టు, మొక్కంతా కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. పిల్లలకి అందనివ్వకండి, తొడుగులు వేసుకుని ముట్టుకోండి.