ఇల్లుబండి అందామా, ఇంటిబండి అందామా?

వంటగది, పడక, స్నానాలగది అన్నీ ఇమిడిపోయిన ప్రయాణపు వాహనానికి తెలుగు మాట ఏమిటని అడిగిన మిత్రునికి ‘వినోద వాహనం’, ‘సంచార గృహం’, ‘బిడారు’, ‘రథం’ అని జవాబులు వచ్చాయి. నా ఓటు వీటిలో దేనికీ కాదు.

‘వినోద వాహనం’ ఇంగ్లీషు ‘రిక్రియేషనల్ వెహికల్’ (ఆర్వీ) అనే మాటకు నకలు. తెలుగులో వినోదం అనగానే సినిమా హాలు, వినోదపు పన్ను గుర్తొస్తాయి తప్ప, పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని కొండల్లోకి వెళ్లడం గుర్తురాదు. ‘సంచార గృహం’ వింటే సంచార గ్రంథాలయానికి చుట్టంలా ఉంది. అమెరికాలో ఉన్న మన వాళ్లు ఎలాగూ ‘ఆర్వీ తీసుకుని యెల్లోస్టోన్ వెళ్లాం’ అంటున్నారు. వాళ్లనెవరూ ఆపలేరు, ఆపనక్కరలేదు కూడా.

‘బిడారు’ అందమైన మాటే. మనకది సరుకులతో, ఎడ్లతోనో ఒంటెలతోనో కలిసి సాగే వర్తకుల గుంపు. కన్నడంలో ‘బిడార’ అంటే విడిది, బస. ఆ అర్థం మనకూ బలంగా నిలిచి ఉంటే నేనే చేయెత్తేవాణ్ణి. ఇంగ్లీషువాళ్ల ‘కారవాన్’ కూడా పారసీక వర్తకుల గుంపు నుంచి వచ్చి పైకప్పున్న బండిగా మారిందని మిత్రులు గుర్తు చేశారు. నిజమే, కానీ ఆ మార్పు వాడుకలో వచ్చింది. మనం ఇక్కడ కూర్చుని తీర్మానం చేస్తే రాదు.

ఇక ‘రథం’. తెలుగునాట అందరికీ తెలిసిన మొదటి ఇల్లుబండి బహుశా ఎన్.టి.రామారావు గారి చైతన్య రథమే. పాత షెవర్లే వ్యానును మార్పించుకుని, హరికృష్ణ నడుపుతుండగా, 1983 జనవరి ఎన్నికల ముందు రాష్ట్రమంతా తిరిగారు. ప్రసంగం పైనుంచి, నిద్ర లోపల, స్నానం రోడ్డు పక్కన. అవసరానికి తగ్గట్టు సొంతంగా తీర్చుకున్న వాహనానికి అంతకంటే పెద్ద ఉదాహరణ మనకు లేదు. కానీ ఆ పేరు పెట్టడంతో మాట రాజకీయాలకు వెళ్లిపోయింది. ఆ తరువాత ఏ పార్టీ బస్సు బయలుదేరినా ప్రచార రథమే. పైగా ఊళ్లలో ‘వైకుంఠ రథం’ ఒకటి ఉంది. సెలవులకు వెళ్తూ ‘రథం మాట్లాడాను’ అని ఇంట్లో చెప్పి చూడండి.

మిగిలింది మన పాత ‘బండి’. దీని ముందు ఏ మాట పెట్టినా ఒప్పుకుంటుంది, అదే దీని గొప్ప. లాగేదాన్ని బట్టి ఎడ్లబండి, గుర్రపుబండి. కదిలించే తీరును బట్టి తోపుడుబండి. మోసేదాన్ని బట్టి చెత్తబండి. అమ్మేదాన్ని బట్టి ఇడ్లీబండి. వదిలేదాన్ని బట్టి పొగబండి. పండితులు ‘ధూమశకటం’ అన్నారు గానీ అది ప్లాట్‌ఫారం మీదికి రానేలేదు. ఆవిరి ఇంజన్లు పోయాక పొగ కూడా పోయి, రైలుబండి నిలిచింది.

ఈ పేర్లు పెట్టే విద్యలో పెద్దలకంటే పిల్లలు ఘనులు. ఎండాకాలం ముంజలు జుర్రేశాక రెండు ఖాళీ కాయలు తీసుకుని, మధ్యలో పుల్ల గుచ్చి, ఆ పుల్లను పంగలకర్రతో తోసుకుంటూ పోతే అది ముంజకాయల బండి. కాయలు ఎండి ముడుచుకునేదాకా దాని ఆయుష్షు. మెకానిక్కును బతిమాలి తెచ్చుకున్న పాత బేరింగులను చెక్కకు బిగిస్తే బేరింగుల బండి. వెనక రెండు, ముందు ఒకటి. ముందుది అడ్డచెక్కకు ఉంటుంది, దాన్ని కాళ్లతోనో తాడుతోనో తిప్పితే మలుపు. మా వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ఏడు అది చేసిన రొదకు పగటినిద్ర పోయే పెద్దలంతా మాకు శత్రువులయ్యారు. బ్రేకు అంటే చెప్పు అరగదీయడమే. దేనితో చేశామో అదే పేరు, నిఘంటువు చూసినవాడు లేడు.

హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో ఇదే పద్ధతి పెద్ద ఎత్తున కనబడుతుంది. సుధాకర్ యాదవ్ గారు తుక్కుతో చేసి నడిపించినవాటిని మనం వంకాయ కారు, క్రికెట్ బ్యాట్ కారు అంటాం. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున ఆయన చేసి తొక్కిన మూడు చక్రాల సైకిలు గిన్నిస్‌కు ఎక్కింది. 1910 ప్రాంతంలో కలకత్తాలో ఒక తెల్లదొర ముక్కులోంచి ఆవిరి చిమ్మే హంస ఆకారపు కారులో తిరిగాడు. దాన్నీ లోకం హంస కారనే అంది. ఆకారమే పేరు.

అసలు చిక్కు ఇక్కడుంది: ‘ఇంటిబండి’ అనాలా, ‘ఇల్లుబండి’ అనాలా? ‘ఇల్లు’కు ‘బండి’ చేరితే ‘ఇంటి’ కావాలని ఒకరు పట్టుబట్టారు. ఇంటిపని, ఇంటిదొంగ అన్నట్టు. ఆ మాటల్లో ‘ఇంటికి చెందిన’ అనే అర్థం ఉంది. ఇంటిబండి అంటే అద్దెది కాని, మన వాకిట్లో ఉండే బండి. మనకు కావలసింది ఇల్లు ఉన్న బండి. దానికి పాత నమూనా గూడుబండి. ‘గూడు’ కూడా ‘గూటి’ అయ్యే మాటే, అయినా ఎవరూ గూటిబండి అనలేదు, ఎందుకంటే అది గూడు గల బండి. ‘ఇల్లు’ మారకుండానే ఇల్లాలు, ఇల్లరికం కూడా కుదిరాయి. కాబట్టి ఇల్లుబండి తప్పు కాదు. బహువచనం ఇల్లుబండ్లు. నోరు కాస్త తిరగాలి, అంతే.

ఈ రోజుల్లో బండి అంటే స్కూటరు, మోటారుసైకిలే కదా అన్న అభ్యంతరం నిలవదు. ముందు ‘ఇల్లు’ ఉండగా దాన్ని స్కూటరని ఎవరు పొరబడతారు?

తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులకు ఒక విన్నపం. ముంజకాయల బండికీ, బేరింగుల బండికీ మీ వైపు వేరే పేర్లుంటే ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. పంగలకర్రకు కూడా.